ఐదు చుక్కలు

మా ఆఫీసులో నన్ను చుక్కలమ్మ అంటారు. నాకు తెలియదనుకుని అంటారు గానీ ఇరవై రెండేళ్ళుగా నాకు తెలుసు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, కొన్నాళ్ళకి గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు ఆ పేరు చెవిన పడితే ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలో సగం నా మీదే.

పనివాళ్ళకీ యజమానులకీ మధ్య వచ్చే తగాదాలు విచారించే ఆఫీసు మాది. అందులో నేను టైపిస్టుని. ఎవరైనా వాంగ్మూలం ఇస్తుంటే విచారణాధికారి దాన్ని కాస్త ఇస్త్రీ చేసి నాకు చెబుతాడు, నేను కంప్యూటర్లో కొడతాను. చివర్లో చదివి వినిపిస్తాను, వాళ్ళు సంతకం పెడతారు. ఫ్యాక్టరీ, దుకాణం, ఆస్పత్రి, బస్సు డిపో, ఎక్కడి గొడవైనా చివరికి మా గదిలోకే వస్తుంది. మూడు కిటికీలు, ఒక ఎత్తు బల్ల, దాని పక్కన నా చిన్న బల్ల, ఎదురుగా రెండు వరసల కుర్చీలు. మూడు కిటికీల్లో ఒకటి ఎంత లాగినా తెరుచుకోదు.

గొడవలన్నాక తిట్లుంటాయి. నేను చేరిన రెండో రోజే మా పెద్ద గుమాస్తా నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని పాఠం చెప్పాడు. తెల్ల చొక్కా, జేబులో నాలుగు మడతల రుమాలు, నోట్లోంచి ఒక్క పొల్లు మాట రాని మనిషి.

"చూడమ్మా, ఇది ప్రభుత్వం కాగితం. దీని మీద బూతు పడకూడదు. జంతువుల పేరు పెట్టి తిడితే మూడు చుక్కలు. ఆడదాని నడత మీద తిడితే ఐదు. తల్లినో చెల్లినో కలిపితే ఏడు. అంతకు మించింది నీకు వినపడదు. వినపడనే కూడదు."

ఈ రూలు ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఎంతమంది అధికారులు మారినా ఇది మాత్రం మారలేదు. తిట్టు రాగానే వాళ్ళు చెయ్యి కొంచెం పైకెత్తేవాళ్ళు, నేను చుక్కలు పెట్టేదాన్ని. చదివి వినిపించేటప్పుడు చుక్కల దగ్గర "ఫలానా మాట" అని చదివేదాన్ని. ఎంత శుభ్రమైన రికార్డులమ్మా మీవి అని ఒకాయన నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చాడు.

వేళ్ళు చుక్కలు పెట్టినంత మాత్రాన చెవులు ఊరుకోవు కదా. ఈ ఇరవై రెండేళ్ళలో ఆడవాళ్ళ మీద ఎన్ని మాటలు పుట్టాయో, ఎన్ని మాటలు వేషం మార్చాయో నా చెవులకి తెలిసినంతగా ఏ పండితుడికీ తెలియదు. నేను చేరిన కొత్తలో ముసలి మేస్త్రీలు ఇంకా "సాని" అనేవాళ్ళు. ఒకప్పుడు ఆ మాటకి అర్థం యజమానురాలట. దొరసానిలో అది ఇప్పటికీ దర్జాగా కుర్చీలో కూచునే ఉంది, పక్కన దొర లేని సాని మాత్రం వీధిలో పడింది. తర్వాత "కేసు" వచ్చింది, "పార్టీ" వచ్చింది, "ఫిగరు" వచ్చింది, "ఐటెమ్" వచ్చింది. "ఉంచుకున్నది" పోయి "సెటప్" అయింది. ఒకసారి ఓ ఆస్పత్రి నర్సు, తోటి ఉద్యోగి తనని అదేపనిగా "ఆంటీ" అంటున్నాడని ఫిర్యాదు తెచ్చింది. పిన్నీ అత్తా అన్నట్టే కదా, ఇందులో ఏడవడానికేముందని చుక్కలు పెట్టకుండా అలాగే కొట్టేశాను. పక్క సీట్లో కొత్తగా చేరిన పిల్ల నా చెవి దగ్గరికి వంగి, "మేడమ్, ఫోనుల్లో ఇప్పుడు ఆ మాటకి అర్థం వేరు" అంది. ఆఖరికి చుట్టరికాన్ని కూడా వదల్లేదు వీళ్ళు.

మగాడి సంగతి చూడండి. పది గుమ్మాలు ఎక్కి దిగినవాడు రసికుడు. మరీ తిట్టాలనిపిస్తే తిరుగుబోతు, అదీ సగం మెచ్చుకోలుగానే అంటారు. మగాణ్ణి తిట్టడానికి వాడికంటూ ఒక మాటైనా పుట్టించుకోలేకపోయారు. మొగుడు పోయిన ఆడదాన్ని విధవ అంటారు కదా, దాన్నే తెచ్చి వాడికి తగిలించి వెధవ అన్నారు. వాడికి తగలగానే అది కూడా మెత్తబడిపోయింది. "మా వెధవకి ఈసారి మంచి మార్కులొచ్చాయండీ" అని తండ్రులు మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆడదాని మీద పడ్డ మాట ఎప్పుడైనా అలా మెత్తబడిందా? ఇదంతా నాకు తెలుసు. తెలిసే చుక్కలు పెడుతూ వచ్చాను.

ఎనిమిది నెలల కిందట కాజాలామె వచ్చింది. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు దూరే కాజాలు కుట్టే మిషను మీద తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. భర్త పోయి రెండేళ్ళు. బడికెళ్ళే కూతురు, మంచాన పడ్డ తండ్రి, ఇద్దరికీ ఆవిడే దిక్కు. ఫ్లోర్ సూపర్‌వైజర్ని అరవై మంది ముందు చెంప మీద కొట్టిందని ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేసిన కాగితం మీద "హింసాత్మక ప్రవర్తన" అని రాశారు. ఆ కాగితం చూశాక ఇంకే ఫ్యాక్టరీ ఆవిణ్ణి గేటు దాటనివ్వలేదు. ఆమె చెయ్యి చేసుకోడానికి తగిన కారణం ఉందని మా దగ్గర తేలితే ఆ కాగితం రద్దవుతుంది, ఉద్యోగం తిరిగొస్తుంది. తేలకపోతే ఆవిడ మళ్ళీ మిషను ముందు కూచోవడం కల్ల. ఆవిడకి వచ్చిన పని అదొక్కటే.

అప్పటి అధికారి, ఆ తర్వాత రిటైరైపోయాడు, కారణమేమిటమ్మా అని అడిగాడు. ఆమె చెప్పుకొచ్చింది. భర్త పోయిన ఏడాది తర్వాత సూపర్‌వైజరు ఆమె మిషను పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. షిఫ్టు అయ్యాక ఉండిపొమ్మన్నాడు. ఉండనంది. అప్పట్నించి దారిన పోతూ ఒక మాట గొణిగేవాడు. తర్వాత నలుగురిలో అనేవాడు. నాలుగు నెలలు ఇలాగే సాగింది. చివరికి ఒకరోజు ఆమె మిషను సూది విరిగి పని ఆగింది. వాడు ఫ్లోరంతా వినపడే మైకు నోటి దగ్గర పెట్టుకుని అదే మాట అన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాడు అధికారి.

ఆ మాట చెప్పడానికి ఆమెకి పావుగంట పట్టింది. మంచినీళ్ళు తాగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. కంపెనీ వకీలు వాచీ చూసుకున్నాడు. చివరికి తల దించుకుని, ఎవరికో అప్పజెబుతున్నట్టు గబగబా అంది.

"'ఆ ఊరుమ్మడి ముండ మిషనెందుకు ఆగింది?' అన్నాడండి."

ఇది ప్రభుత్వం కాగితం కాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను. అక్కడ అధికారి చెయ్యెత్తాడు, నేను ఐదు చుక్కలు పెట్టాను. చదివి వినిపించేటప్పుడు "ఫలానా మాట అన్నాడు" అని చదివాను. ఆమె తలూపి సంతకం పెట్టింది. నేను తర్వాతి కేసు ఫైలు తెరిచాను.

పోయిన మంగళవారం చివరి విచారణ. ఈసారి కొత్త అధికారి. బహు మర్యాదస్తుడు, ప్యూన్ని కూడా మీరు అంటాడు. ఆమె తరఫున సాక్ష్యం చెబుతామన్న ఇద్దరు తోటి పనివాళ్ళు అప్పటికే వెనక్కి తగ్గారు. వాళ్ళకీ ఉద్యోగాలు కావాలి కదా. ఆమెకి మిగిలింది మొదటి రోజు ఇచ్చిన వాంగ్మూలం ఒక్కటే. కంపెనీ వకీలు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"కొట్టడానికి కారణం ఇదేనట సార్. చదువుతాను, వినండి. 'ఆ చుక్క, చుక్క, చుక్క, చుక్క, చుక్క, మిషనెందుకు ఆగింది అన్నాడు.' ఐదు చుక్కలన్నందుకు చెంప పగలగొడతారా సార్ ఎక్కడైనా?"

పక్కనే కూచున్న సూపర్‌వైజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మావాడు 'ఆ మూల మిషనెందుకు ఆగింది' అన్నానంటున్నాడు. చుక్కల్లో అదీ సరిపోతుంది, ఏదైనా సరిపోతుంది. చుక్కల్ని నమ్మి ఒక కంపెనీని తప్పు పడతామా సార్?"

సారు కాజాలామె వైపు తిరిగాడు. "ఆయన ఏమన్నారమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే వకీలు లేచాడు. "ఎనిమిది నెలల తర్వాత తీరిగ్గా ఆలోచించుకుని కొత్త మాటలు చేరిస్తే చెల్లదు సార్. మొదటి రోజు ఏం చెప్పిందో అదే ఖాయం."

"మొదటి రోజే చెప్పానండీ" అంది ఆమె. "ఈ మేడమ్‌గారే టైపు కొట్టారు."

అందరూ నా వైపు చూశారు. సారు కూడా చూశాడు.

"ఆ రోజు ఈమె ఏ మాట చెప్పారో మీకు గుర్తుందా అమ్మా?"

గుర్తు లేకేం? కొంగు ఎన్నిసార్లు చుట్టుకుందో కూడా గుర్తుంది. కానీ ఆ మాట నా గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడింది. గుర్తుందంటే మరి ఎందుకు రాయలేదంటారు. రికార్డు మార్చావంటారు. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది నాకు. వీటన్నిటికీ మించి, అంతమంది మగాళ్ళ ముందు ఆ మాట నా నోట ఎలా వస్తుంది? ఏళ్ళ తరబడి తెచ్చిపెట్టుకున్న నా మర్యాద ఏమైపోతుంది?

"గుర్తు లేదు సార్" అన్నాను.

సారు నిట్టూర్చి, మధ్యాహ్నం మూడింటికి ఉత్తర్వు చెబుతానని లేచాడు. ఆ ఉత్తర్వు ఎలా ఉంటుందో గదిలో అందరికీ తెలిసిపోయింది. వకీలు అప్పుడే సంచీ సర్దుకుంటున్నాడు.

వరండాలో కాజాలామె నాకు ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ రోజు నేను చెబుతుంటే మీ వేళ్ళు కదలడం చూశా మేడమ్" అంది. "హమ్మయ్య, పడిపోయింది, ఇంక జన్మలో మళ్ళీ ఆ మాట నా నోటితో చెప్పక్కర్లేదు అనుకున్నా. మీరూ ఆడమనిషే కదా, సరిగ్గా రాస్తారులే అనుకున్నా."

అంతే అని, గోడవారగా ఉన్న బెంచీ మీద కూచుని టిఫిన్ డబ్బా మూత తీసింది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

మా ఇల్లు ఆఫీసు వెనక సందులోనే, మేడ మీద రెండు గదుల వాటా. మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వెళతాను. మావారు డ్యూటీలో ఉన్నారు. మా అత్తగారు వంటింట్లో కుక్కర్‌తో పోట్లాడుతోంది. "కూత వెయ్యవేమే ముండా" అంటోంది దాన్ని. ఆవిడ నోటికి అది ఊతపదం. పాలు తాగిపోయిన పిల్లి దొంగముండ. ముద్దొస్తే మనవరాలు దొంగముండ. ఉప్పెక్కువేసిన రోజు నేను. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మామగారు పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆ మాట ఆవిడ నోట రోజుకి ఇరవైసార్లు వింటాను, ఏనాడూ పట్టించుకోలేదు. ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయాను.

"అత్తయ్యా, ఆ మాట అంటే మీకేమీ అనిపించదా?"

"ఎవర్తె అంది నిన్ను?" అంది వెంటనే గరిటె పట్టుకునే.

"నన్ను కాదు" అని జరిగిందంతా చెప్పాను. ఆవిడ స్టవ్వు కట్టేసి, పీట మీద కూచుంది.

"మీ మామ ఉన్నంతకాలం అది నాకూ తిట్టే. నేనూ నలుగుర్ని అన్నా, నన్నూ నలుగురు అన్నారు. ఆయన పోయిన పదిహేను రోజులకి మా ఆడపడుచు ఎవరితోనో, 'లోపలుంది కదా ముండ, దాన్నడుగు' అంది. కోపంగా కాదే. మామూలుగా. టైమెంతయిందో చెప్పినట్టు. అప్పుడు తెలిసింది, అది ఇంక తిట్టు కాదు, నా పేరని."

నేను గుమ్మంలోంచి లోపలికొచ్చి ఆవిడ పక్కన నేల మీద కూచున్నాను.

"ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకో అర్థం కూడా తెలిసిందిలే. అయ్యో పాపం అంటూ వచ్చిన మగాళ్ళే ఏదో వంక పెట్టుకుని తలుపు కొట్టడం మొదలెట్టారు. పరువుగల పెద్దమనుషులే. దానికెవరున్నారు, అడిగేవాడెవడు, అని. తలుపుకి ఇనప్పెట్టె అడ్డం జరుపుకుని పడుకునేదాన్ని. మొగుడు పోతే ఒకడి సొమ్ము కాకుండా పోయాం కదా, అందుకని అందరి సొమ్ము అయిపోయాం. ఊరుమ్మడంటే అదే."

"మరి మీరే పొద్దస్తమానం అంటారుగా దాన్ని."

"అరగదీద్దామని" అంది. "గిన్నెననీ, పిల్లిననీ, నిన్ననీ, నా మనవరాల్ననీ. అందర్నీ అనేస్తే వాడి తగ్గుతుందనుకున్నా. నలభై ఏళ్ళు అరగదీశా. ఈ ఇంట్లో అరిగింది. గుమ్మం దాటితే అలాగే కోస్తోంది, చూశావుగా."

గరిటె కింద పెట్టి అడిగింది. "ఇంతకీ నువ్వేం రాశావు కాగితంలో?"

"చుక్కలు పెట్టాను."

మా అత్తగారు నన్ను ఎన్నోసార్లు తిట్టింది. ఆ రోజు చూసినట్టు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"బాగుంది. వాడు నోటితో చేస్తే నువ్వు వాడి నోరు కడిగి, తుడిచి పంపించావన్నమాట."

రెండు ముద్దలు తిని లేచాను. చేతులు కడుక్కుని, మూడు కాకుండానే ఆఫీసుకి వచ్చేశాను. దారంతా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. సూపర్‌వైజరు మీద కోపం, చెయ్యెత్తిన ప్రతి అధికారి మీదా కోపం, ఎప్పుడో రిటైరైపోయిన పెద్ద గుమాస్తా తెల్ల చొక్కా మీద కోపం. ఎన్ని ఫైళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు గొంతు పెగల్చుకుని చెప్పిన మాటల్ని నా వేళ్ళతో నేనే నొక్కేశాను. వాళ్ళలో ఎంతమంది ఓడిపోయారో నేనెప్పుడైనా వెనక్కి తిరిగి చూశానా? ప్రశంసాపత్రం ఇస్తే పుచ్చుకున్నాను, అంతే.

మూడింటికి సారు వచ్చి కూచుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. నేను నా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"సార్, పొద్దున నేను అబద్ధం చెప్పాను. ఆ రోజు ఈమె చెప్పిన మాట నాకు గుర్తుంది. 'ఆ ఊరుమ్మడి ముండ మిషనెందుకు ఆగింది' అన్నాడని చెప్పింది. నేనే చుక్కలు పెట్టాను."

ఆ మాట నా నోట వచ్చినందుకు భూమేం బద్దలవలేదు.

"ఎందుకు పెట్టారు?" అన్నాడు సారు.

"పద్ధతి సార్. ఆడదాని నడత మీద తిడితే ఐదు."

"ఎవరి పద్ధతమ్మా ఇది? రికార్డులో సొంతంగా ఒక్క అక్షరం తీసేసే అధికారం గానీ చేర్చే అధికారం గానీ మీకు లేదు. చెప్పింది చెప్పినట్టు కొట్టడమే మీ పని. మీ మీద చర్య తీసుకోవలసి ఉంటుంది. మెమో వస్తుంది."

"ఇవ్వండి సార్. తీసుకుంటాను."

వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్ళూ వరండాలో కూడబలుక్కుని వచ్చారన్నాడు. వింటున్నవాళ్ళు పెద్దగా చలించకపోయేసరికి ఇంకో ఎత్తు వేశాడు.

"సరే సార్, మాటవరసకి అన్నాడనే అనుకుందాం. అయితే మాత్రం అందులో బూతేముంది?" ఫోను తీసి, నిఘంటువు వెతికి, గట్టిగా చదివాడు. "ముండ అనగా బోడితల గలది, విధవ. ఇది నా మాట కాదు, నిఘంటువు మాట. ఈమె భర్త పోయినమాట నిజమే కదా సార్? ఉన్న సంగతి చెబితే నింద ఎలా అవుతుంది?"

సూపర్‌వైజరు మొహం వెలిగిపోయింది. తను అన్న మాట పుస్తకాల్లో కూడా ఉందని వాడికి అంతవరకూ తెలియదు. పొంగిపోయి, ఎవరూ అడక్కుండానే లేచాడు.

"అదే కద్సార్! మొగుడు లేనిదాన్ని ఆ మాటే కదా అనేది. ఉన్నమాటే అన్నా. దానికే చెయ్యెత్తేసింది."

వకీలు వాడి చొక్కా పట్టుకుని కిందకి గుంజాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. సారు కలం కింద పెట్టి వాడి వంకే చూస్తున్నాడు. నేను కూచోవలసింది, కూచోలేదు.

"సార్, ఈయన నిఘంటువు సగమే చదివారు. ముందు తల గొరిగారు. గొరిగిన తలకి ఒక పేరు పెట్టారు. ఆ పేరుతో మనిషినే పిలిచారు. తర్వాత మొగుడున్నవాళ్ళని కూడా తిట్టడానికి అదే వాడారు. చివరికి తలుపు కొట్టినా అడిగేవాడు లేనిదని దానికి అర్థం చేశారు. ఇన్ని మెట్లు దిగాక మొదటి మెట్టు మీద నిలబడి ఇది మంచి మాటేనంటే ఎలా సార్? అది మంచి మాటైతే ఈయన ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మగారిని పిలవమనండి."

"అమ్మా, ఇది ఉపన్యాసం ఇచ్చే చోటు కాదు" అన్నాడు సారు. కానీ కోప్పడలేదు. సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "ముండ అంటే విధవ అన్నారు, బాగుంది. మరి ఊరుమ్మడి అంటే ఏమిటండి?"

వాడు వకీలు వైపు చూశాడు. వకీలు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఊరుమ్మడికి మాత్రం నిఘంటువు తియ్యలేదు.

"మీరే ఒప్పుకున్నారు కాబట్టి ఇంక సాక్షులక్కర్లేదు" అన్నాడు సారు. "ఉత్తర్వు చెబుతాను, కొట్టండమ్మా."

"మేం పైకి అప్పీలుకి వెళతాం సార్" అన్నాడు వకీలు.

"వెళ్ళండి. పైవాళ్ళకి సందేహం లేకుండా అన్నీ ఉత్తర్వులోనే ఉంటాయి."

నేను కూచుని కీబోర్డు ముందుకి లాక్కున్నాను. కాజాలామె రెండో వరసలో లేచి నిలబడింది. కూచోమన్నా కూచోలేదు. సారు మెల్లగా, మంచి భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. పేర్లూ తేదీలూ అయ్యాయి. సూది విరగడం అయింది.

"సదరు సూపర్‌వైజరు, పనిచేసే చోట, అరవై మంది సమక్షంలో, మైకులో, ఫిర్యాదు చేసిన స్త్రీని ఉద్దేశించి..."

అక్కడ ఆగాడు. చెయ్యి కొంచెం పైకెత్తాడు.

"అదేనమ్మా, ఆ మాట. మీకు తెలుసుగా, కొట్టెయ్యండి."

నేను వేళ్ళు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"సొంతంగా ఏమీ చేర్చకూడదన్నారు కదా సార్. మీరు చెప్పండి, కొడతాను."

"ఇందాక మీరే అన్నారు కదా."

"నేనన్నాను సార్. ఆమె ఇంతమంది ముందు విడమరిచి చెప్పుకోవలసి వచ్చింది. వాడు నాలుగు నెలలపాటు అన్నాడు. ఉత్తర్వు మీది, మీరు చెప్పాలి."

సారు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఆ మాట ఆయన మీద కాదు, ఆయన ఇంట్లోవాళ్ళ మీద కాదు, మైకులో కాదు. ఎవడో అన్నదాన్ని ఒక్కసారి పైకి చెప్పడం, అంతే. అయినా చెవులు ఎర్రగా అయిపోయాయి. ఏదో గొణిగాడు.

"వినపడలేదు సార్" అన్నాను.

మళ్ళీ గొణిగాడు.

"ఇంకాస్త గట్టిగా సార్. ఒక్క అక్షరం తేడా వస్తే వకీలుగారు అప్పీల్లో పట్టుకుంటారు."

ఈసారి సారు గోడ వంక చూస్తూ, గదంతా వినపడేలా, మాటా మాటా విడదీసి చెప్పాడు. చెప్పి తల దించుకున్నాడు. కాజాలామె దించుకోలేదు. నేను ఆ రెండు మాటలూ పూర్తిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను.

"అయిందా?" అన్నాడు సారు.

"ఎక్కడ సార్? ఆమెని తిరిగి పనిలోకి తీసుకోవాలన్న వాక్యం ఇంకా చెప్పలేదు" అన్నాను. "చెప్పండి. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆమె షిఫ్టు."